సెప్టెంబర్ 5 సభ: కథలు, బొమ్మలు ఎవరు ఏం చూస్తున్నారు?

సాహిత్యం చూస్తున్న నేను:
అందరికీ నమస్కారం. తేదీ సెప్టెంబర్ 5, శనివారమే ఖాయం చేద్దాం. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, సెప్టెంబర్ 9 కాళోజీ గారిది. ఒకరిది శ్రీకాకుళం వైపు, ఇంకొకరిది వరంగల్. జనం మాట్లాడే మాటకే విలువ ఇవ్వాలని ఇద్దరూ పోట్లాడారు. ఆ రెండు రోజుల నడుమ మన మెల్‌బోర్న్‌లో రాసేవాళ్లకీ గీసేవాళ్లకీ ఒక పూట ఇవ్వడం నాకు చాలా ఇష్టంగా ఉంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. పోయినేడు మన సంచికకు పాలమూరు చెల్లెలు ఒకామె కథ పంపింది. నైట్ షిఫ్ట్ ముగించుకుని తెల్లారుజామున ట్రామ్‌లో ఇంటికొచ్చే నర్సు కథ. అందులో ‘ఎట్ల’ ఉన్నచోటల్లా ‘ఎలా’ అని, ‘జర’ ఉన్నచోట ‘కాస్త’ అని మార్చి అచ్చు వేశాం. మార్చినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ఆమె ఒక్క కథా పంపలేదు. ఫోన్ చేస్తే, "అది నా కథ లెక్క లేదక్కా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈసారి ఎవరి యాసనూ దిద్దొద్దు. ‘ఏటి’ అని రాస్తే ‘ఏటి’, ‘యాడ’ అని రాస్తే ‘యాడ’. అచ్చుతప్పో యాసో తేలకపోతే రాసినవాళ్లనే అడుగుదాం. చదవడానికి ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు.

బొమ్మలు చూస్తున్న తమ్ముడు:
సరే అక్కా. హాల్ గోడలకు మేకులు కొట్టొద్దు, టేపు కూడా అంటించొద్దు అన్నారు. ప్యానెళ్లు అద్దెకు తేవాల్సిందే. ఇప్పటికి 14 బొమ్మలు వచ్చాయి. ఒక అత్తగారు శ్రీకాళహస్తి పద్ధతిలో, కలంతో వేసిన కలంకారీలు రెండు ఇస్తున్నారు. సహజ రంగులు కాబట్టి కిటికీ ఎదురుగా పెట్టొద్దు, ఎండకు వెలిసిపోతాయి. ప్రతి బొమ్మ కింద చీటీలో వేసినవాళ్ల పేరుతో పాటు సొంతూరు కూడా రాద్దామా?

స్టాళ్లు చూస్తున్న వదిన:
ఊరు రాయండి, బాగుంటుంది. మా అమ్మావాళ్లు ఆగస్టులో వస్తున్నారు. కొండపల్లి బొమ్మలు తెప్పించి అమ్మితే హాల్ అద్దె వచ్చేస్తుంది కదా?

సాహిత్యం చూస్తున్న నేను:
వదినా, కొండపల్లి బొమ్మలంటే నాకూ ప్రాణమే. కానీ అవి చెక్కవి. ఎయిర్‌పోర్టులో దిగగానే డిక్లేర్ చేయాలి, పెద్దవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు? పైగా ఈ సభ ఇక్కడ కూర్చుని వేసినవాళ్ల కోసం. కొనే చేతులు వాళ్ల బల్ల దగ్గరే ఆగాలి. అద్దె డబ్బులకు టీ, మిరపకాయ బజ్జీల స్టాల్ పెడదాం.

తమ్ముడూ, నీకొక పని. నువ్వు చేర్యాల పద్ధతి నేర్చుకున్నావు కదా. చేర్యాల పటం మొదట్లో గోడకు తగిలించే బొమ్మ కాదు. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, పటం విప్పుతూ ఒక్కో గడి చూపించి పాడేవాళ్లు. ఆ నర్సు కథను అలా వేస్తే? ఎర్రటి నేపథ్యం మీద ట్రామ్, ఆసుపత్రి వరండా, స్టాపులో చలికి ముడుచుకుని నిల్చున్న మనిషి. నువ్వు విప్పుతూ ఉంటే ఆమె చదువుతుంది.

బొమ్మలు చూస్తున్న తమ్ముడు:
ఎనిమిది గడులైతే వేయగలను. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి ఆరబెట్టాలి. ఈ చలిలో త్వరగా ఆరదు, వచ్చే వారమే మొదలుపెట్టాలి. ముందు ఆమె ఒప్పుకోవాలి కదక్కా.

సాహిత్యం చూస్తున్న నేను:
నిన్న రాత్రి మాట్లాడాను, ముందు క్షమించమని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి అసలు ప్రతి పంపి ఉంది, ‘జర’తో సహా. నీకూ పంపాను, చదువు. ఖాదీ గుడ్డ నేను కొంటాను. ప్యానెళ్లు ఎవరు బుక్ చేస్తారు? శుక్రవారం లోపు చెప్పాలి.