నెల్లూరు ఉక్కపోతకు ఏసీ కొనాలా, కూలరుతో నెట్టుకురావాలా?

వేదాయపాళెం అద్దెదారు:
మేము నెల్లూరు వేదాయపాళెంలో అయిదంతస్తుల అపార్టుమెంటులో రెండో అంతస్తున అద్దెకు ఉంటున్నాము. రెండు పడక గదులు. పడమటి గోడ మీద సాయంత్రం దాకా ఎండ పడుతుంది. ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప, నేను. పగటి ఎండను ఎలాగో ఓర్చుకుంటున్నాము గానీ, రాత్రి పదకొండు దాటాక కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటోంది. ఫ్యాను కింద పడుకున్నా దిండు తడిసిపోతోంది. పాపకు మెడ చుట్టూ చెమటకాయలు. ఒక టన్ను ఏసీ కొందామని నేను అంటున్నాను, ఆ గాలికి కీళ్లు పట్టేస్తాయని అమ్మ అంటోంది, బిల్లు సంగతి చూసుకున్నారా అని నా భార్య అడుగుతోంది. ఏసీ లేకుండానే మాకు నెలకు 180 యూనిట్లు వస్తోంది. కూలరుతో సరిపోతుందా, ఏసీ తప్పదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గూడూరు నిమ్మ:
కొనేయండి. రోహిణి కార్తె దాకా ఆగితే బిగించేవాడు వారం రోజులు తిప్పుకుంటాడు.

పెన్నా గట్టు:
తొందరపడకండి. ఏసీ ధర చూసి మురిసిపోయేవారు శ్లాబుల సంగతి మరిచిపోతారు. మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6 రూపాయలు, అక్కడి నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. మీ 180 యూనిట్లకు ఇప్పుడు విద్యుత్ ఛార్జీ 747 రూపాయలు. ఒక టన్ను ఏసీ రాత్రికి ఆరు యూనిట్లు తిన్నా నెలకు మరో 180 అవుతుంది. మొత్తం 360 యూనిట్లకు లెక్క కట్టండి, 2,198 రూపాయలు వస్తుంది. వాడకం రెట్టింపు అయితే బిల్లు మూడింతలు అయింది. అంటే ఏసీ తిన్న ప్రతి యూనిట్‌కు మీరు కట్టేది దాదాపు 8 రూపాయలు. ఇంధన సర్దుబాటు ఛార్జీలు, ఇతర వడ్డింపులు ఇందులో కలపలేదు. మా చిన్నతనంలో రంగనాయకులపేటలో మిద్దె మీద నీళ్లు చల్లి, నులకమంచం వేసుకుని పడుకుంటే, మైపాడు వైపు నుంచి వచ్చే గాలికి తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం.

కనిగిరి కూలరు:
మా ఇంట్లో ఆరేళ్లుగా కూలరే. పగలు 42 డిగ్రీలున్నా కూలరు ముందు కూర్చుంటే ఒళ్లు జిల్లుమంటుంది. ఏసీ ధరలో నాలుగో వంతు కూడా కాదు, కరెంటు రెండు ఫ్యాన్ల ఖర్చుకు మించదు. ఇంత తేలికైన దారి ఉండగా ఈ చర్చ దేనికో నాకు అర్థం కాలేదు.

ఒంగోలు మెకానిక్:
కనిగిరి సోదరా, మీ ఊరికి కూలరు సరైనదే, నెల్లూరుకు కాదు. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ఎంత బాగా పనిచేసినా తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు గాలిలో చూపే అంకె, కంటే కిందికి దించలేదు, మామూలుగా దానికి రెండు మూడు డిగ్రీల పైనే ఆగిపోతుంది. మీ దగ్గర 40 డిగ్రీల వేడి, గాలిలో 25 శాతం తేమ ఉందనుకోండి, ఆ హద్దు దాదాపు 24 డిగ్రీలు. అందుకే మీకు జిల్లుమంటోంది. నెల్లూరులో సాయంత్రం 38 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే ఆ హద్దు 31 దగ్గర ఉంటుంది. రాత్రి వేడి 31కి తగ్గి తేమ 75 శాతానికి పెరిగితే, కూలరు శాయశక్తులా కష్టపడినా మూడు నాలుగు డిగ్రీలు కూడా దించదు, పైగా తలుపులు వేసిన గదిలోకి ఇంకాస్త తేమను వదులుతుంది. చెమట ఆరని చోట మరింత తేమ కలపడం ఉక్కను కొని తెచ్చుకోవడమే. వట్టివేళ్ల తడకలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఏసీ చేసేది వేరు. చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి గొట్టం గుండా బయటికి పోతుంది. ఉక్క రాత్రుల్లో గంటకు లీటరు నీరు రావడం మామూలే. తీరప్రాంత మనిషికి సుఖం ఇచ్చేది ఆ లీటరు నీరే.

అద్దెదారు గారికి నా సలహా: పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి టన్ను చాలు, గోడకు పడమటి ఎండ ఉంది కాబట్టి టన్నున్నర అయినా తప్పు లేదు, కానీ అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకునే ఇన్వర్టర్ రకమే తీసుకోండి. పాత రకం పెద్ద ఏసీని చిన్న గదిలో పెడితే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే మిగిలి గది చెమ్మ వాసన వస్తుంది.

పెన్నా గట్టు:
బిల్లు గురించి నేను అడిగినదానికి మెకానిక్ గారు ఒక్క ముక్క చెప్పలేదు.

ఒంగోలు మెకానిక్:
చెబుతాను. మీ లెక్క తప్పు కాదు. కానీ అది సంవత్సరమంతా రాదు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 27 దగ్గర పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే రాత్రికి ఆరు యూనిట్లు కూడా కావు. అమ్మగారి కీళ్లకు కూడా అదే మంచిది. ఏసీ గాలి నేరుగా మంచం మీద పడకుండా రెక్కలు పైకి తిప్పాలి. 2025 సెప్టెంబరులో ఏసీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిందని కూడా గుర్తుపెట్టుకోండి.

కావలి కోడలు:
ఇంత లెక్కలు వేశారు గానీ, ఏసీ ఏ గదిలో పెడతారని ఎవరూ అడగలేదు. మా అత్తగారింట్లో మూడేళ్ల కిందట ఏసీ కొన్నారు. ఇంటికి పెద్దవారు కాబట్టి మామగారి గదిలో పెట్టారు. నేను మూడు నెలల బిడ్డతో పక్క గదిలో, వంటింటి గోడకు ఆనుకుని, ఫ్యాను కింద పడుకున్నాను. బిల్లు వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో అందరూ అనుభవించారని మాట వచ్చింది. అద్దెదారు గారూ, మీ భార్య బిల్లు గురించి అడగడం పిసినారితనం కాకపోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు స్టవ్ దగ్గర నిలబడే మనిషికి మీ టన్ను ఏసీ వల్ల ఒరిగేదేమిటో ముందు ఆమెనే అడగండి.

వేదాయపాళెం అద్దెదారు:
కావలి అక్కా, నిజంగానే అడగలేదు. మా గదిలో అనే అనుకున్నాను, ఎందుకో ఆలోచించకుండానే.

గూడూరు నిమ్మ:
అందరూ ఒకే గదిలో పడుకుంటే సరి. మేము ఆరుగురం అలాగే పడుకుంటాం.

కనిగిరి కూలరు:
తేమ ఎక్కువైతే కిటికీ తెరిచి కూలరు పెట్టుకోవాలి. అది ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు మెకానిక్:
కిటికీ తెరిచినా లోపలికి వచ్చేది అదే సముద్రపు తేమ, సోదరా. తడి బల్బు హద్దు మారదు.

పెన్నా గట్టు:
మెకానిక్ గారికి ప్రతి ప్రశ్నకూ ఏసీయే జవాబు అవుతుంది, ఎందుకంటే బిగింపు కూలి ఆయనకే వస్తుంది. మా తమ్ముడి ఇంట్లో ప్రతి మార్చిలో ఒక మనిషి వచ్చి గ్యాస్ అయిపోయిందని చెప్పి మూడు వేలు పట్టుకుపోతాడు. నాలుగేళ్లలో పన్నెండు వేలు. ఇవి మీ లెక్కలో ఏ పద్దు కింద రాశారు?

ఒంగోలు మెకానిక్:
గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా ఏటేటా నింపి పోయినవాడు మీ తమ్ముడిని మోసం చేశాడు, ఆ మాట మా వృత్తిలో ఉన్నవాడిగా సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను. తీరానికి దగ్గర ఊళ్లలో ఉప్పు గాలి బయటి యూనిట్ కాయిల్‌ను త్వరగా తినేస్తుంది, అది కూడా ఒక కారణం కావచ్చు. కానీ నా కూలి గురించి మాట్లాడారు కాబట్టి నేనూ ఒక మాట అంటాను. వాతావరణ శాఖ వాళ్లు మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాడ్పు లెక్కలోకి తీసుకుంటారు, తీరంలో అయితే 37కే తీసుకుంటారు, అదీ మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే. తేమలో మనిషి ఒళ్లు అంత త్వరగా ఓడిపోతుంది కాబట్టే ఆ తేడా. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా ఎండలకు చనిపోయారు, వారిలో మా ప్రకాశం జిల్లా వారు చాలామంది. నెలకు పద్నాలుగు వందలు మిగుల్చుకోవడానికి పసిబిడ్డ మెడ మీది చెమటకాయలు కనబడని మనిషికి, మిద్దె మీద నులకమంచం కథలు మాత్రం కమ్మగా ఉంటాయి. మీరు పడుకున్న ఆ మిద్దె చుట్టూ ఖాళీ ఉండేది. ఇప్పుడు ఆరు అడుగుల దూరంలో ఇంకో అపార్టుమెంటు ఉంది.

కావలి కోడలు:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

పెన్నా గట్టు:
నెమ్మదించను. చెమటకాయలు కనబడని మనిషినా నేను? అయితే వినండి. మాది మూడో అంతస్తు. కట్టినప్పుడు నాలుగు ఇళ్లకు గాలి రావాలని మధ్యలో డక్టు, అంటే పైదాకా నిలువు ఖాళీ, వదిలారు. మా పడక గదికి ఉన్న ఒకే ఒక కిటికీ దానిలోకి తెరుచుకుంటుంది. మొదటి అయిదేళ్లు ఆ కిటికీ తెరిచి పడుకున్నాము. తరువాత కింది ఇంటివారు ఒక బయటి యూనిట్ ఆ డక్టులో బిగించారు. ఎదురింటివారు రెండు. పోయిన ఏడాది పై ఇంటివారు నాలుగోది. రాత్రి పది గంటలకు నాలుగూ మొదలయ్యాక కిటికీ తెరిస్తే కొలిమి ముందు నిలబడినట్టు ఉంటుంది. నా భార్యకు రక్తపోటు ఉంది. రెండు వేసవుల నుంచి ఆమె హాల్లో చాప వేసుకుని పడుకుంటోంది. సంఘం సమావేశంలో అడిగితే, మీరు కూడా ఒకటి పెట్టుకోండి సార్, సమస్య తీరిపోతుంది అన్నారు. నలుగురి వేడి నా కిటికీలో పోసి, తప్పించుకోవాలంటే నేను కూడా అయిదోది కొని ఇంకొకరి కిటికీలో పోయాలట. నేను కొనగలను. నాకు పెన్షను వస్తుంది, ఆ 1,450 నాకు లెక్క కాదు. ఆ మాట మీద కొనబుద్ధి కాక కొనలేదు.

గూడూరు నిమ్మ:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్.

ఒంగోలు మెకానిక్:
పెన్నా గట్టు గారూ, నేను తొందరపడి అన్న మాటకు క్షమించండి. మీరు చెప్పినదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. ఒక టన్ను ఏసీ పూర్తిగా నడుస్తున్నంతసేపూ గదిలోంచి మూడున్నర కిలోవాట్ల వేడిని తోడి బయట పోస్తుంది. తాను తిన్న కిలోవాటు దానికి అదనం. నాలుగు ఏసీలంటే పద్దెనిమిది కిలోవాట్లు. ఇళ్లలో వాడే నీళ్ల గీజర్లు తొమ్మిది ఒకేసారి వేసినంత వేడి ఆ ఇరుకు గొయ్యిలో చేరుతోంది. వాళ్ల ఏసీలు కూడా ఆ వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటాయి కాబట్టి సరిగ్గా చల్లబరచలేక ఎక్కువ కరెంటు తింటాయి. డక్టులో బిగించమని అడిగితే నేను సాధారణంగా వద్దంటాను. సాధారణంగా అని ఎందుకు అన్నానంటే, రెండు మూడుసార్లు బిగించాను. ఇంటివారు ఒత్తిడి చేశారు, పక్క కిటికీ ఎవరిదని నేను అడగలేదు.

పెన్నా గట్టు:
ఆ ఒక్క మాట మా సంఘంలో ఎవరైనా అని ఉంటే నేను ఇంత దూరం రాసేవాడిని కాదు. వాటిని తీయించడానికి దారి ఉందా?

ఒంగోలు మెకానిక్:
మిద్దె మీదికి మార్చవచ్చు. సాధారణంగా ఏసీతో మూడు మీటర్ల రాగి గొట్టమే వస్తుంది, ఆ పైన కావలసినదానికి విడిగా డబ్బు కట్టాలి. గొట్టం పొడవు పెరిగేకొద్దీ చల్లదనం కొంత తగ్గుతుంది కాబట్టి పై రెండు అంతస్తుల వారికి తేలిక, కింది వారికి కష్టం. కింది ఇంటివారికి రోడ్డు వైపు బాల్కనీ ఉంటే అక్కడికి మార్చమనండి. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది నేను చెప్పగలిగేది కాదు.

కావలి కోడలు:
బిగించుకున్నవారే పెట్టుకోవాలి. ఇందులో సందేహం ఏముంది?

వేదాయపాళెం అద్దెదారు:
ఇదంతా చదివి ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. బయటి యూనిట్ బట్టలు ఉతికే చోట పెట్టమని ఇంటి యజమాని చెప్పారు. దానికి ఎదురుగా అయిదు అడుగుల దూరంలో పక్క అపార్టుమెంటువారి వంటింటి కిటికీ ఉంది. అక్కడ ఒక పెద్దావిడ ఇప్పుడు కూడా నిలబడి ఏదో వేయిస్తోంది. ఇన్నాళ్లూ ఆ కిటికీని నేను పట్టించుకోలేదు. రోడ్డు వైపు బాల్కనీలో పెడితే ఎవరికీ తగలదు గానీ బట్టలు ఆరేసుకునే తీగ పోతుంది, గొట్టం కూడా హాలు మొత్తం దాటి రావాలి. ఈ మాట ఇంట్లో చెబితే, అయితే ఏసీ హాల్లోనే పెట్టండి, వంటింటి తలుపు తెరిస్తే నాకు కూడా కాస్త గాలి వస్తుంది, రాత్రికి నలుగురం అక్కడే పడుకుందాం అని నా భార్య అంది. హాలు పన్నెండుకు పదహారు అడుగులు. దీనికి టన్నున్నర సరిపోతుందా, మెకానిక్ గారూ?

ఒంగోలు మెకానిక్:
సరిపోతుంది, కానీ వంటింటి తలుపు తెరిచి ఉంచితే సరిపోదు. వంట అయ్యే వరకు ఎగ్జాస్టు ఫ్యాను వేసి ఆ తలుపు వేసే ఉంచాలి.

కావలి కోడలు:
మళ్లీ ఆమెను లోపల పెట్టి తలుపు వేశారు.

కనిగిరి కూలరు:
వంటింట్లోకి ఒక చిన్న కూలరు తెచ్చి పెట్టండి.