జపాన్ సూపర్ ఫామికామ్ క్యాసెట్‌ని ఇంగ్లీషులోకి మార్చుకోవడం ఎలా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
అందరికీ నమస్కారం. మా బావ జపాన్‌లో ఉద్యోగం చేసి తిరిగొస్తూ సూపర్ ఫామికామ్ (నింటెండో వారి పాత వీడియో గేమ్ సెట్), దాంతోపాటు ఫైనల్ ఫాంటసీ 5 ఆట క్యాసెట్ తెచ్చిచ్చాడు. ఆట బాగానే మొదలవుతోంది, కానీ అంతా జపనీసే. కొట్టుకునే ఆటైతే ఎలాగో లాగించేవాణ్ణి. ఇందులో మెనూ చదవలేకపోతే అడుగు ముందుకు పడట్లేదు. ఇంగ్లీష్ ప్యాచ్, అంటే ఆటలోని మాటలను ఇంగ్లీషులోకి మార్చే ఫైలు, ఉందంటున్నారు. దాన్ని ఈ క్యాసెట్‌లోకే ఎక్కించే కేబుల్ ఏమైనా దొరుకుతుందా? సోల్డరింగ్ వచ్చు, డిప్లొమాలో ఈసీఈ చదివాను.

జవాబు (విజయవాడ, గవర్నరుపేట):
కేబుల్‌తో అయ్యే పని కాదు తమ్ముడూ. అందులో ఉన్నది మాస్క్ రోమ్. ఆట మొత్తం చిప్ తయారయ్యేటప్పుడే అందులో పడిపోతుంది, తర్వాత చదవడమే గానీ రాయడం ఉండదు. మార్చాలంటే ఆ చిప్ పీకేసి, ప్యాచ్ కలిపిన ఆటను వేరే ఫ్లాష్ చిప్‌లో (తిరిగి రాయగలిగే రకం) రాసి, దాన్ని ఆ చోట కూర్చోబెట్టాలి.

ముందు ఒక మాట చెప్పు. ఆ సెట్‌కి కరెంటు ఎలా ఇస్తున్నావు? జపాన్ అడాప్టర్ 100 వోల్టులది. ప్లగ్ మన సాకెట్‌లో దూరింది కదా అని 230లో పెట్టావంటే అక్కడికక్కడే పోతుంది.

ప్రశ్న వేసినవారు:
స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టానన్నా, దాని గురించి టెన్షన్ లేదు.

జవాబు (విజయవాడ, గవర్నరుపేట):
అయితే సరే. ఎప్పుడైనా అడాప్టర్ మార్చాల్సొస్తే, దానికి 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ యాంపియర్లు కావాలి. పిన్ మధ్యలో నెగెటివ్ వస్తుంది. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువ భాగం మధ్యలో పాజిటివ్, చూసుకో.

ఇక అసలు పని. ముందు నీ క్యాసెట్‌లోని ఆటను కంప్యూటర్‌లోకి ఫైలుగా తీసుకోవాలి. ఆర్డుయినో మెగా అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో కట్టుకునే ఓపెన్ సోర్స్ కార్ట్రిడ్జ్ (క్యాసెట్) రీడర్ ఉంది, నీకది ఆదివారం పని. ఈ ఆట 16 మెగాబిట్లు, అంటే ఫైలు సరిగ్గా 20,97,152 బైట్లు రావాలి. 20,97,664 ఉంటే ముందు 512 బైట్ల హెడర్, అంటే ఆటకు చెందని అదనపు ముక్క, అంటుకుందని అర్థం. క్యాసెట్లను కాపీ చేసే పాత మెషిన్ల కాలం నుంచి వస్తున్న తలనొప్పి ఇది. కొన్ని ప్యాచ్‌లు హెడర్ ఉన్న ఫైలు కోసం చేసినవి, కొన్ని లేనిదాని కోసం. ప్యాచ్‌తో వచ్చే రీడ్‌మీలో ఆ సంగతి రాసి ఉంటుంది, అది చదవకుండా మొదలెట్టకు. ఐపీఎస్ రకం ప్యాచ్ ఏ ఫైలిచ్చినా నోరు మూసుకుని అతికేస్తుంది. ఆట తెరిచాకే అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి. బీపీఎస్ రకమైతే ముందు ఫైలు సరైనదో కాదో చూసుకుని, కాకపోతే ఒప్పుకోదు. ఏది కలిపినా ముందు ఎమ్యులేటర్‌లో (ఆ సెట్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) ఒక గంట ఆడు. హెడర్ ఉంటే తీసేసిన తర్వాతే చిప్‌లో రాయాలి.

ఫ్లాష్ చిప్‌కి 29ఎఫ్032 నంబరుది చూడు. 5 వోల్టులది, 4 మెగాబైట్లు పడుతుంది. కాళ్లు సన్నవి, పాత చిప్ కాళ్ల వరుసతో కలవవు, కాబట్టి మధ్యలో చిన్న అడాప్టర్ బోర్డు కావాలి. 2 మెగాబైట్ల ఆటైతే చిప్‌లో రెండుసార్లు రాసేయ్, పైన మిగిలే అడ్రస్ లైను (చిప్‌లో ఏ సగం చదవాలో చెప్పే కాలు) ఎటున్నా ఆట నడుస్తుంది. ప్యాచ్ కలిశాక ఫైలు పెరిగితే మాత్రం ఆ లైను కూడా సరిగ్గా కలపాలి. చిప్‌లో రాసే మెషిన్ (ప్రోగ్రామర్) కొనేముందు ఈ చిప్ నంబరు దాని లిస్టులో ఉందో లేదో చూడు.

మరొకరు (గుంటూరు, అరండల్‌పేట):
అన్నగారు చెప్పిందంతా నిజమే గానీ, బావగారు అంత దూరం నుంచి తెచ్చిన అసలు క్యాసెట్‌ని కోయడం ఎందుకండీ? అది 1992 నాటిది, పాడైతే మళ్లీ వెతుక్కోవాలి. జపాన్‌లో ఎవరికీ అక్కర్లేని పాత బేస్‌బాల్ క్యాసెట్లు చవగ్గా పోతుంటాయి, అలాంటిదొకటి బలివ్వండి.

అయితే ఏది పడితే అది కాదు. బోర్డు మీద ఎస్‌హెచ్‌వీసీ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. మీకు 1జే3ఎం లాంటిది కావాలి. జే అంటే హైరోమ్ (చిప్‌లోని ఆటను సెట్‌కి చూపించే ఒక పద్ధతి), 3 అంటే సేవ్ చేసుకోవడానికి 64 కిలోబిట్ల మెమరీ. జే బదులు 'ఏ' (A) ఉంటే అది లోరోమ్ అనే మరో పద్ధతి, ఈ ఆట అందులో లేవదు. 3 ఉండాల్సిన చోట 0 ఉంటే సేవ్ కాదు. విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ (ఈ క్యాసెట్ల ప్రత్యేకమైన స్క్రూలకు పట్టే బిట్) కావాలి, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. బోర్డు మీదున్న చిన్న లాకౌట్ చిప్‌ని (క్యాసెట్ అసలైనదని సెట్‌కి చెప్పేది) కదపొద్దు, అది లేకపోతే ఆట మొదలే కాదు. పనిలో పనిగా సేవ్‌లను నిలిపే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి, కాళ్లున్న రకం తీసుకోండి. బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టొద్దు.

ప్రశ్న వేసినవారు:
ఇవన్నీ కొనే బదులు ఫ్లాష్ కార్ట్ (మెమరీ కార్డులోని ఆట ఫైళ్లను ఆడించే క్యాసెట్) ఒకటి కొనుక్కోవడమే నయమేమో కదండీ?

మరొకరు (గుంటూరు, అరండల్‌పేట):
ఆడటమే ముఖ్యమైతే అదే నయం. ఈ ఆటలో ప్రత్యేకమైన ప్రాసెసర్ ఏదీ లేదు, కాబట్టి సాదా ఫ్లాష్ కార్ట్ చాలు. మీ క్యాసెట్ నుంచి తీసిన ఫైలుకే ప్యాచ్ కలిపి కార్డులో వేసుకోండి. అధికారికంగా ఇంగ్లీషులో 1999లో ప్లేస్టేషన్ మీద వచ్చింది, 2021లో కొత్త రూపంలో ఫోన్‌కీ వచ్చింది. కానీ పాత సెట్ మీద ఆడే సరదా ఫోన్‌లో రాదులెండి.

జవాబు (విజయవాడ, గవర్నరుపేట):
నేనైతే చేత్తోనే చేస్తాను, ఈసీఈ చదివి ఆ మాత్రం చేయకపోతే ఎలా! కాకపోతే పాత చిప్ పీకేటప్పుడు తొందరపడకు. గ్రౌండ్‌కి వెళ్లే కాళ్లు వేడిని లాగేసుకుంటాయి, అక్కడ బలం పెడితే బోర్డు మీది రాగి లేచిపోతుంది. కొత్త సోల్డర్ కొంచెం కలిపి కరిగించాక పంపుతో లాగు. పని జరిగేది ఆ పాత బేస్‌బాల్ క్యాసెట్ మీదే కాబట్టి ధైర్యంగా మొదలెట్టు. చేసినవి అమ్మే ఆలోచన మాత్రం పెట్టుకోకు, అది కాపీరైట్ కిందికి వస్తుంది.

ప్రశ్న వేసినవారు:
బేస్‌బాల్ క్యాసెట్ కోసం బావకి చెప్పానన్నా, అక్కడున్న స్నేహితుడితో తెప్పిస్తానన్నాడు. బోర్డు ఫోటో ముందే పంపమన్నాను, రాగానే ఇక్కడ పెడతాను. జే అవునో కాదో చూసి చెప్పండి.