హెపటైటిస్ సి తగ్గినా నీరసం పోవట్లేదు, థైరాయిడ్ అంటున్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

గోదావరి_పిల్ల: మా అమ్మకి హెపటైటిస్ సి ఉండేదండి, సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ కలిపిన మాత్ర 12 వారాలు వాడింది, తర్వాత ఆర్ఎన్ఏ టెస్టులో వైరస్ లేదని వచ్చింది. కానీ నీరసం అలాగే ఉంది, జుట్టు ఊడుతోంది, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుంటోంది. లివర్ టెస్టులన్నీ బాగానే ఉన్నాయి. మొన్న టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చూసే రక్త పరీక్ష) చేయిస్తే 18 వచ్చింది, ఎక్కువట, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందట. రెండిటికీ సంబంధం ఉందా?

నల్లగొండ_అన్న: ఉంటది చెల్లె. నేను 2011ల ఇదే హెపటైటిస్ సి కి ఇంటర్‌ఫెరాన్ సూదులు, రిబావిరిన్ మందు వాడిన. మధ్యల గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గుడు, అందరు మందు వేడి అన్నరు, చూస్తే థైరాయిడ్ ఎక్కువైంది. కొన్ని నెలలకు అదే తక్కువైంది. గ్రంథి వాచి లోపలున్న హార్మోన్ అంతా రక్తంలకు వదిలేస్తదట, తర్వాత చేసే శక్తి ఉండదట, డాక్టర్ సాబ్ చెప్పిండు. ఇప్పటికీ 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర నడుస్తుంది.

గోదావరి_పిల్ల: అమ్మకి సూదులు ఇవ్వలేదు కదన్నా?

ల్యాబ్_అక్క: సూదులు లేకుండా కూడా రావచ్చమ్మా. ఈ వైరస్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, యాంటీ టీపీఓ అనే యాంటీబాడీ రక్తంలో ఎక్కువగా కనిపిస్తుంది, అంటే ఒంట్లో రోగాన్ని ఎదిరించాల్సిన కణాలే థైరాయిడ్ మీద పడుతున్నాయన్నమాట, అలా దెబ్బతిన్న గ్రంథి వైరస్ పోయాక కూడా కోలుకోకపోవచ్చు. ఇంకోటి, వట్టి టోటల్ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్ మొత్తం) చూసి ధీమాగా ఉండొద్దు, లివర్ వాపులో హార్మోన్ని మోసే ప్రోటీన్ పెరిగి ఆ అంకె ఎక్కువ చూపిస్తుంది. ఫ్రీ టీ4, అంటే ప్రోటీన్‌కి అంటుకోకుండా విడిగా ఉన్న హార్మోన్, ఆ టెస్టు అడగండి. జుట్టుకి బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, కొన్ని మెషీన్లలో రిపోర్టు తప్పుగా వస్తుంది.

బాబు_వాళ్ళమ్మ: మా వాడికి తలసీమియా, ఎక్కించిన రక్తంతోనే సి వచ్చింది. పదే పదే రక్తం ఎక్కిస్తే ఒంట్లో చేరే ఐరన్ థైరాయిడ్‌లో కూడా పేరుకుంటుందని ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చేయిస్తాం. సి మందు గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు, 2018లో వచ్చిన జాతీయ పథకం కింద. కొనలేక ఆగిపోయినవాళ్లుంటే దయచేసి వెళ్లి అడగండి.

గోదావరి_పిల్ల: థాంక్స్ అక్కా. అమ్మ కాల్షియం కూడా వేసుకుంటుంది, థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవచ్చా?

నల్లగొండ_అన్న: వద్దు చెల్లె, మధ్యల 4 గంటలు గ్యాప్ ఉండాలె. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతోని వేసుకోవాలె, అరగంట నుంచి గంట దాక చాయ్ కూడా తాగొద్దు. 6 నుంచి 8 వారాలకు మళ్ల టీఎస్‌హెచ్ చేపిచ్చి డాక్టర్‌కు చూపెట్టు, డోసు మీరే మార్చకుండ్రి.

గోదావరి_పిల్ల: సరే అన్నా, సోమవారం ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ రెండూ చేయించి రిపోర్టు ఇక్కడే పెడతాను.