వేడుక వేదికల అలంకరణను ఫొటో తీయడం ఎలా? (విశాఖపట్నం)

పూలపందిరి, గాజువాక:
నేను సీమంతాలకు, బారసాలలకు, ఓణీల వేడుకలకు వేదికలు అలంకరిస్తుంటాను. పని అప్పగించే ముందు ఎవరైనా అడిగేది పాత ఫొటోలే. కంటికి నిండుగా కనిపించే బంతిపూల తెర నా ఫోన్‌లో నారింజ ముద్దలా వస్తోంది, తెల్ల చామంతులు ఊదారంగుకు తిరుగుతున్నాయి, కొన్నింటిలో అడ్డంగా నల్లచారలు పడుతున్నాయి. డిసెంబరులో భీమిలి దారిలో, సముద్రపు ఒడ్డున ఆరుబయట ఒక నిశ్చితార్థం ఉంది. అతిథులు వచ్చేలోగా దొరికే అరగంటను ఎలా వాడుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు. డ్రోన్‌తో కూడా తీయించమని ఆ కుటుంబంవారు అడుగుతున్నారు.

నిలువుగీత, ఎంవీపీ కాలనీ:
ముందుగా కెమెరాను పక్కన పెట్టి లైట్లవారితో మాట్లాడండి. రంగుల పార్ లైట్లను (వేదిక మీదికి రంగు వెలుగు చిమ్మే దీపాలను) కాసేపు ఆర్పించి, పసుపుఛాయ తెల్లని లైట్లను మాత్రమే ఉంచి, వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగును) 3200 కెల్విన్ దగ్గర స్థిరపరిస్తే చామంతులు తెల్లగానే వస్తాయి. బంతిపూలు ముద్దగా మారడానికి కారణం వేరు: వాటి ఎరుపు, పసుపు వెలుగు కెమెరా సెన్సర్ (వెలుగును నమోదు చేసే చిప్) పరిమితిని మిగతా రంగులకన్నా ముందే దాటిపోతుంది. అందువల్ల ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలోకి చేరే వెలుగును) కొంచెం తగ్గించి, ఒక లైటును ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయించండి. రేకుల మధ్య సన్నని నీడ పడితే ఒక్కో పువ్వూ విడిగా తెలుస్తుంది. ఇక నల్లచారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫోన్ ప్రో మోడ్‌లో (సెట్టింగులను మనమే మార్చుకునే పద్ధతిలో) షట్టర్‌ను, అంటే వెలుగు లోపలికి వచ్చే సమయాన్ని, సెకనులో 1/50 లేదా 1/100 వంతు వద్ద ఉంచితే చారలు పోతాయి. డిమ్మర్‌తో తగ్గించిన కొన్ని ఎల్‌ఈడీలకు ఈ లెక్క పనిచేయదు, వాటిని పూర్తి వెలుగులో ఉంచమనండి. ఫోన్‌ను ట్రైపాడ్ మీద ఛాతీ ఎత్తులో, పైకీ కిందికీ వంచకుండా నిలపాలి, లేకపోతే అరటిబోదెలు లోపలికి వాలినట్లు కనిపిస్తాయి.

తీరపుగాలి, రుషికొండ:
పై సలహా హాళ్లకు సరిపోతుంది, ఒడ్డున మాత్రం సూర్యుడి లెక్క చూసుకోవాలి. మన తీరం తూర్పుముఖం కనుక, సముద్రానికి వీపుపెట్టిన వేదిక ఉదయం నీడబొమ్మలా కనిపిస్తుంది, సాయంత్రమైతే వెలుగు దాని ముందువైపు పడుతుంది. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. ఆ తరువాత కొద్దిసేపు ఆకాశపు నీలం, లైట్ల వెలుగు సమానంగా తూగుతాయి. మీ ముఖ్యమైన ఫొటో అప్పుడే తీయండి. గాలికి తెరలు కదులుతాయి కనుక నెమ్మది షట్టర్ పనికిరాదు, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచక తప్పదు. ఏసీ గదిలోంచి నేరుగా బయటకు తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, కెమెరాను ముందే బయటి గాలికి అలవాటు చేయండి.

ఎర్రమట్టి, మధురవాడ:
డ్రోన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇది తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు, ఐఎన్ఎస్ డేగా వైమానిక స్థావరం కూడా ఇక్కడే ఉంది. డ్రోన్ నిబంధనలు, 2021 ప్రకారం ఎర్రమండలంలో (రెడ్ జోన్ అని గుర్తించిన గగనతలంలో) కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయరాదు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ ధ్రువపత్రం అక్కరలేకపోయినా ఈ నిషేధం వర్తిస్తుంది. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో ఆ స్థలం ఏ మండలంలో ఉందో చూడకుండా మాట ఇవ్వకండి. పక్క భవనం మేడమీది నుంచి తీసినా వారికి కావలసిన దృశ్యం చాలావరకు వస్తుంది.

పూలపందిరి, గాజువాక:
అందరికీ ధన్యవాదాలు. అయితే పార్ లైట్లు ఆర్పమంటే డీజేవారు ఒప్పుకోవడం లేదు, ఆ సమయంలోనే వారి లైట్ల పరీక్షలు కూడా జరుగుతాయి.

నిలువుగీత, ఎంవీపీ కాలనీ:
అడ్వాన్సు తీసుకునే రోజే, కుటుంబంవారి సమక్షంలో, ఆ అరగంటలో పది నిమిషాలు మీవని డీజేవారితో ఒప్పించుకోండి. ఆ మాటల్లోనే ఫొటోలు బయట పెట్టడానికి కుటుంబంవారి అనుమతి కూడా అడగండి. వధూవరుల పేర్ల బోర్డు కనిపించే ఫొటోలకు ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.