అప్‌డేట్: రాయగడ మోటార్ రిపేర్ కాంట్రాక్టు, 20% కోతకి కారణం తేలింది

రిటైరయ్యాక మా బాబాయి తీసుకున్న మోటార్ రిపేర్ కాంట్రాక్టు బిల్లులో టీడీఎస్ (డబ్బు చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) 1% కాకుండా 20% ఎందుకు కోశారని అడిగాను కదా. కారణం దొరికింది. పాన్‌లో అయిదు అక్షరాల తర్వాత నాలుగూ అంకెలే ఉండాలి. బిల్లులో సున్నా చోట ‘ఓ’ పడింది. చెల్లని పాన్ అంటే పాన్ ఇవ్వనట్టే లెక్క, అందుకే 20% కోశారు. కోసినవాళ్లే టీడీఎస్ రిటర్న్ సరిదిద్దాలి. ఆ జమ 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమైన పన్ను చూపే పత్రం) కనబడ్డాకే రీఫండ్‌కి బాబాయి తన ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి; ముందే వేస్తే లెక్కలు కలవవు.

బాబాయికి ఉద్యమ్ నమోదు (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) కూడా అయింది. అది పూర్తిగా ఉచితం, ఏజెంటుకి పైసా ఇవ్వకండి. పని ఒప్పుకోకముందే చేయించుకోండి. అప్పుడు రాతపూర్వక ఒప్పందంలో ఎక్కువ గడువు ఉన్నా, పని ఒప్పజెప్పాక డబ్బు రావడం 45 రోజులు దాటితే వడ్డీ అడగొచ్చు.