గుయ్యాలించి: ‘కు’నా, ‘గు’నా?

అమలాపురం: మా భజన మందిరం ఆంప్లిఫయర్‌లో గుయ్‌మనే చప్పుడు ఎక్కడ పుడుతోందో చూద్దామని ఎక్స్‌ఓస్కోప్ పెట్టాను. సౌండ్ కార్డునే ఆసిలోస్కోపుగా వాడుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. తెర మీద అల కనిపిస్తుంది. ఎఫ్ఎఫ్‌టీ ఎంచుకుంటే అందులోని పౌనఃపున్యాలన్నీ విడివిడిగా ముళ్లలా లేస్తాయి. 50 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 100 దగ్గర అంతకన్నా పొడవైనది, 150 దగ్గర చిన్నది. ఐటీఐ పిల్లల కోసం వీటికి తెలుగు పేర్లు రాస్తూ, హమ్ అనే చోట ‘గుయ్యి’ అని రాశాను. రాయగానే గజేంద్రమోక్షంలోని పోతన మత్తేభం మనసులో మెదిలింది: ‘పాహిపాహి యని గుయ్యాలించి సంరంభియై’. ఆ గుయ్యీ ఈ గుయ్యీ ఒకటేనా? రెండు రోజులుగా ఇదే ఆలోచన.

తణుకు: ‘యని’ కాదండి, ‘యనఁ’. అసలు కీలకం ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. అనన్ అనే ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) తర్వాత ‘కుయ్యి’లోని కకారం సరళమై గకారమైంది. కుయ్యి అంటే మొర. ‘యని’ అనుకున్నారు కాబట్టే మీకు ‘గు’ సహజంగా తోచింది.

అమలాపురం: గణాలకు ‘యని’ అయినా సరిపోతుంది కదా?

తణుకు: గణాలకు సరిపోతుంది, అన్వయానికి సరిపోదు. ‘అని’ అంటే పాహి అన్నవాడూ, ఆలించినవాడూ ఒకరే కావాలి. అరిచింది ఏనుగు, విన్నది విష్ణువు. కర్తలు వేరు కాబట్టి ‘అనన్’ ఉండి తీరాలి.

ద్రాక్షారామం: తణుకు వారు చెప్పింది నిజమే. దీనికి సాక్ష్యం ఆ తర్వాత వచ్చే ‘సిరికిం జెప్పఁడు’లోనే ఉంది. అక్కడ ‘జెప్పు’ అనే ధాతువు ఉందని ఎవరూ అనరు కదా. యతి సాయం చేస్తుందేమోనని కూడా చూశాను. ‘హ్వల నాగేంద్రము’ పాదంలో (‘విహ్వల’లోని ‘వి’ పై పాదంలో ఉండిపోయింది) పద్నాలుగో అక్షరం ‘య్యా’. హకారానికి యకారంతో మైత్రి ఉంది, సరిపోయింది. ‘గు’ దానికి ముందు అక్షరం, కాబట్టి యతి దాన్ని గురించి ఏమీ చెప్పదు. అయితే ఆ పాదాన్ని గొంతెత్తి చదవండి. పాహిపాహి దాకా పరుగెత్తిన నడక ‘గుయ్యాలిం’ దగ్గర మూడు గురువులతో ఒక్కసారి ఆగుతుంది. చెవి ఒగ్గి వినేవాడు ఆగినట్టే ఆగుతుంది. పోతన్న తప్ప ఇంకెవరు రాయగలరు!

రాజోలు: వ్యాకరణం ఒప్పుకుంటాను, కానీ కుయ్యి కూడా చప్పుడులోంచి పుట్టిన మాటే అని నా నమ్మకం. ‘కుయ్యో మొర్రో’ అంటున్నాం కదా. గొంతు సన్నబడితే కుయ్, బరువెక్కితే గుయ్. మా వైపు రొయ్యల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు తిరుగుతుంటే వినిపించేది గుయ్యే, కుయ్ కాదు.

భీమవరం: ఏనుగు గొంతు సన్నదని ఎవరన్నారు? ఏనుగులు 20 హెర్ట్జ్ కన్నా తక్కువ పౌనఃపున్యంలోనూ గుర్రుమంటాయి. అది మన చెవికి అందదు. గజేంద్రుడి మొరలో ఆ పాలు కూడా ఉండే ఉంటుంది. మనిషికి వినిపించనిది వినగలిగాడు కాబట్టే ఆయన ఆపన్నప్రసన్నుడు. ఆ అర్థంలో ‘గు’ అనే వింటాను, తణుకు వారు మన్నించాలి.

తణుకు: భావం గొప్పది. సంధి మాత్రం సంధే.

అమలాపురం: భీమవరం వారి మాట చదివి మళ్లీ తెర ముందు కూర్చున్నాను. సౌండ్ కార్డు ముఖద్వారంలోని కండెన్సర్ నెమ్మదైన సంకేతాలను అడ్డుకుంటుంది, అందుకే ఆ అడుగున కనిపించే కొలతను నేను నమ్మను. పై హద్దు మాత్రం కచ్చితం. సెకనుకు 48,000 నమూనాలు తీస్తే అందులో సగం, అంటే 24,000 హెర్ట్జ్ వరకే చూడగలం. గజేంద్రుడి మొర దీనితో పట్టలేం. అన్నట్టు ఎర్త్ సరిచేశాక 50 దగ్గరి ముల్లు బాగా కుంగింది, 100 దగ్గరిది కదల్లేదు. అది ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తర్వాత వచ్చే చప్పుడు, పాతబడిన ఫిల్టరు కండెన్సర్ల పని. చెవికి కూడా తేడా తెలుస్తోంది. మొదటిది మందంగా ఉంది, రెండోది కాస్త గరుకు. ఒకే ‘గుయ్యి’ రెండింటికీ చాలదు. గరుకుదానికి ‘రొద’ అనవచ్చా?

ద్రాక్షారామం: రొద వద్దు, అందులో గుంపు ఉంది. ‘ఝుమ్మనడం’ చూడండి.

రాజోలు: ఝుమ్మనేది తుమ్మెద. దానికి ఆ గరుకుతనం ఎక్కడిది?