పాత జడ్పీ హైస్కూల్ మరమ్మతుకు ఇచ్చే డబ్బుకు 80జీ (విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు) వర్తిస్తుందా?

అందరికీ నమస్కారం. మాది 1998 పదో తరగతి బ్యాచ్. మేం చదువుకున్న జడ్పీ హైస్కూల్లో పాత పెంకుల గదులు బాగుచేయిద్దామని 30 మందిమి అనుకున్నాం. మొన్న వానలో వెళ్లి చూస్తే తొమ్మిదో తరగతి పిల్లలు బెంచీలన్నీ ఒక మూలకు జరుపుకుని, మధ్యలో బకెట్ పెట్టుకుని పాఠం వింటున్నారు. దూలానికి చెదలు పట్టాయి, వేలితో నొక్కితే పొడి రాలింది. గోడలు మాత్రం రాయిలా ఉన్నాయి. అందుకే పడగొట్టకుండా కప్పు మార్పించాలని మా పట్టుదల.

ఇక పన్ను సంగతి. ప్రభుత్వానికో స్థానిక సంస్థకో ధార్మిక పని కోసం ఇస్తే 80జీ కింద ఇచ్చినదాంట్లో 50 శాతానికి మినహాయింపు ఉంటుందని, దానికి ఆదాయంలో 10 శాతం పరిమితి ఉందని చదివాను. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. 2,000 రూపాయలు దాటిన నగదు చెల్లదు. పెంకులు, సిమెంటు కొనిచ్చినా లెక్కలోకి రాదట.

నా టెన్షన్ ఇక్కడే. బడి యాజమాన్య కమిటీ ఖాతాలో వేస్తే ప్రభుత్వానికి ఇచ్చినట్టేనా? రసీదు హెడ్మాస్టర్ గారిస్తే సరిపోతుందా? లేక 80జీ గుర్తింపు ఉన్న ట్రస్టు ద్వారా వెళ్లడమే మంచిదా? ఇద్దరు ఆడిటర్లను అడిగితే రెండు రకాలుగా చెప్పారు. మాలో ఇద్దరికి అమెరికా పౌరసత్వం ఉంది, వాళ్ల డబ్బుకు విదేశీ విరాళాల చట్టం అడ్డొస్తుందా?

మీ ఊరి బడికి ఇలా చేసినవాళ్లుంటే, ఏ దారిలో వెళ్లారో దయచేసి చెప్పండి.